శుక్రవారం సౌనాకి రాని ఇస్మో

ఉత్తరాన సరస్సుల మధ్య ఉన్న మా కువోపియో ఊళ్ళో మనిషి పెళ్ళికి రాకపోతే ఎవరూ పట్టించుకోరు. చర్చికి రాకపోతే అసలు గమనించరు. శుక్రవారం సాయంత్రం సౌనాకి, అంటే ఆవిరిస్నానానికి, రాకపోతే మాత్రం మెట్ల మీద నిలబెట్టి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు. అలాంటిది ఇస్మో కర్వినెన్ ఆ ఏడు సెప్టెంబరు మొదలైనప్పటి నుంచి ఒక్క శుక్రవారమూ కిందికి దిగలేదు.

ఇస్మోది సిటీ బస్సుల డిపోలో మెకానిక్ ఉద్యోగం. ఆరడుగుల పైమాటే మనిషి. గుమ్మాల కింద తల వంచుకుని రావడం కుర్రతనం నుంచీ అలవాటు. బస్సు కింద దూరి పనిచేస్తుంటే బయటికి కనిపించే కాళ్ళు చూసే అవి ఇస్మోవని చెప్పేసేవాళ్ళు. మాటల విషయంలో మాత్రం మహా పిసినారి. పుట్టింది ఊరవతల ఒక పాడిరైతు ఇంట్లో. ఇంట్లో ఏ గొడవ వచ్చినా వాళ్ళ నాన్న ఒక్క మాట అనకుండా పడవ వేసుకుని సరస్సు మీదికి పోయేవాడు. ఒకటి రెండు రోజులకి చేపలతో తిరిగొచ్చేవాడు. ఆ చేపలు పెనం మీద వేగుతుంటే గొడవ తీరిపోయినట్టే లెక్క. సంసారాలు అలాగే నడుస్తాయని ఇస్మో నమ్మాడు. మా దేశంలో సగం మంది మగవాళ్ళకి చిన్నప్పుడు దొరికిన చదువు అదే, ఆ పాఠం మార్చాలని ఎవరికీ తోచలేదు.

మాది పాతకాలపు అపార్ట్‌మెంటు. నేలమాళిగలో అందరికీ ఉమ్మడిగా సౌనా గది ఉంది. ఒక్కో వాటాకి వారంలో ఒక్కో గంట సొంతం, శుక్రవారం సాయంత్రం మాత్రం మగవాళ్ళందరికీ కలిపి. కాలుతున్న రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ, ఆ ఆవిరిలో చెక్క మెట్ల మీద ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుంటారు. ఇస్మోకి వచ్చిన చిక్కల్లా అక్కడే. అక్కడ వీపు దాచుకోవడానికి చోటుండదు.

మొదట జలుబన్నాడు. తర్వాత నడుం పట్టేసిందన్నాడు. ఆ తర్వాత ఓవర్‌టైం అన్నాడు. మూడో అంతస్తు రౌనోకి ఏదో ఒకటి అనకపోతే తిన్నది అరగదు.

"ఇస్మోకి నీళ్ళంటే భయం పట్టుకుందర్రా" అన్నాడొక శుక్రవారం. "లేకపోతే పెళ్ళాం లోపలేసి తాళం పెట్టుంటుంది."

"అంత మనిషికి సరిపోయే తాళం బజార్లో దొరకదు" అన్నాడింకొకడు. ఆవిరి గది దద్దరిల్లేలా నవ్వుకున్నారు. ఉర్హో ఒక్కడే నవ్వలేదు. రాళ్ళ మీద ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు.

ఉర్హో రైల్వేలో పెట్టెలు తగిలించే పని చేసి రిటైరైన ముసలాయన. భార్య పోయాక ఒంటరి. ఇస్మో వాటా పక్క వాటాయే ఆయనది, సౌనా తాళాలుండేదీ ఆయన దగ్గరే. మా భవనంలో గోడలు అప్పడాల్లా ఉంటాయి. పక్కింట్లో చెంచా కింద పడితే ఇక్కడ తెలుస్తుంది. కింద పడేవి చెంచాలు కావని ఉర్హోకి ఎప్పుడో తెలుసు. కానీ ఒకరి ఇంట్లో సంగతి ఇంకొకరు అడగడం మా దగ్గర మర్యాద కాదు. ఈ మర్యాదకి నిప్పెట్ట. దాని చాటున ఎంతమంది ఒళ్ళు కమిలిపోతుంటుందో ఎవరూ లెక్క తీయరు.

ఇస్మో భార్య రైయా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేసేది. పిట్టంత మనిషి. వచ్చినవాళ్ళని పేరు పెట్టి పలకరించేది, వాళ్ళ కుక్కల పేర్లు కూడా గుర్తుండేవి. వీధిలో ఆమెని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఇంట్లో ఆ చెయ్యి ఎప్పుడు లేచిందో, ఎందుకు లేచిందో ఇస్మో సరిగ్గా చెప్పలేకపోయేవాడు. ముందు మాటలు. తర్వాత అందిన వస్తువు విసరడం. తర్వాత గరిటె, బెల్టు. ఆగస్టు ఆఖర్లో మరుగుతున్న కాఫీ వీపు మీద. ఇస్మో ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. తన ఒళ్ళంటే తనకే భయం. ఒక్క దెబ్బ వేస్తే ఆమె ఏమైపోతుందోనని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల దించుకుని, అయిపోయేదాకా నిలబడేవాడు.

కాలినందుకు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళక తప్పలేదు. బస్సు రేడియేటర్ మూత తీస్తుంటే చిమ్మిందన్నాడు. డాక్టరమ్మ కట్టు కడుతూ, "రేడియేటర్ వెనకనుంచి వచ్చి పోసిందా?" అని అడిగింది. ఇస్మో చొక్కా అందుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు కానీ, చూసింది చూసినట్టు కంప్యూటర్లో ఎక్కించుకుంది.

దెబ్బలు అతనికో పెద్ద విషయం కాదు. భయమంతా ఒక్కటే, హెల్మి. అతని కూతురు. ఆరేళ్ళది, ముందు పళ్ళు ఊడి నవ్వితే బోసిగా ఉండేది. "చెప్పుకో, ఎవరితో చెప్పుకుంటావో చెప్పుకో" అనేది రైయా. "నిన్ను చూసి, నన్ను చూసి, ఎవరు నమ్ముతారు? పిల్ల మొహం మళ్ళీ చూడవు." ఆ మాట నిజమేననుకున్నాడు ఇస్మో. నోరు విప్పితే పిల్ల చెయ్యి జారిపోతుంది, విప్పకపోతే కనీసం ఒకే కప్పు కింద ఉంటుంది. అలా మింగలేకా కక్కలేకా రోజులు నెట్టుకొచ్చాడు.

ఒకరోజు ఉర్హో మెట్ల దగ్గర కాపుకాసి పట్టుకున్నాడు.

"ఒరేయ్ ఇస్మో, బుధవారం నా వంతు. నువ్వూ రా. ఒక్కణ్ణీ కూర్చుంటే కునుకొచ్చి పడిపోతానేమోనని భయంగా ఉంది."

"నడుం బాగాలేదు, పెద్దాయనా."

"నీ నడుం సంగతి నేనడిగానా? ఇంకో మాట. లోపల బల్బు పోయింది. చిమ్మచీకటి. చెయ్యి పెట్టి తడుముకుంటూ రావాలి."

"బల్బేగా, నేను మార్చేస్తా. ఇంట్లో ఉంది."

"మార్చావంటే కాళ్ళు విరగ్గొడతా. నాకు చీకటే బావుంది."

బల్బు పోలేదు. ఉర్హో దాన్ని విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ సంగతి ఇస్మోకి బుధవారం బట్టలు విప్పే గదిలో తెలిసింది, కొక్కేనికి తగిలించిన ముసలాయన చొక్కా జేబులోంచి బల్బు తొంగి చూస్తోంది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు. తన గురించి ఇంత ఆలోచించిన మనిషి ఈ మధ్య కాలంలో ఎవరూ లేరని అతనికి ఆ క్షణంలో తెలిసింది. వెళ్ళిపోదామనుకున్నవాడు చొక్కా విప్పాడు.

లోపల ఒకరికొకరు కనపడలేదు. ఉర్హో నీళ్ళు చల్లాడు. ఆవిరి వీపుకి తగిలేసరికి ఇస్మో పళ్ళు బిగించినా చిన్న మూలుగు బయటపడింది.

"ఇంక పొయ్యనులే" అన్నాడు ఉర్హో. చెంబు కింద పెట్టిన చప్పుడైంది.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. మాట్లాడకుండా పక్కపక్కన కూర్చోవడం మా వాళ్ళకి బాగా వచ్చిన విద్య, దానికి పోటీలు పెడితే పతకాలన్నీ మావే. ఆ తర్వాత ఇస్మో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు కాఫీ సంగతి, తర్వాత బెల్టు, తర్వాత మిగతావన్నీ. అలవాటు లేని పని కదా, మాటలు ముందువి వెనక, వెనకవి ముందు వచ్చాయి. ఉర్హో మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"నాకు వినపడేదిరా" అన్నాడు చివరికి. "టీవీ అనుకుందామని చూశా. రోజూ ఒకే సినిమా ఎవడు చూస్తాడు? నిన్న ఇంట్లో దెబ్బలు తినేవాళ్ళకి చోటిచ్చే ఆశ్రయ గృహానికి ఫోన్ చేశా."

"అది ఆడవాళ్ళకి కదా."

"నేనూ అలాగే అన్నా. మగవాళ్ళకీ ఉందంది ఫోనెత్తినావిడ, పిల్లల్తో సహా. ఆవిడ ఎంత మంచిదంటే నన్నే అడిగింది, 'మిమ్మల్ని ఎవరైనా కొడుతున్నారా' అని. 'మా ఆవిడ పోయి ఆరేళ్ళయిందమ్మా, ఇప్పుడొచ్చి రెండు తగిలిస్తే నాకంతకన్నా కావలసిందేముంది' అన్నా. నవ్విందిలే. రేపు పొద్దున పోదాం పద."

ఇక్కడే ఇస్మో మా మగవాళ్ళు మాత్రమే చేసే తప్పు చేశాడు. "ముందు కొన్నాళ్ళు గుడిసెకి పోతా" అన్నాడు. "నేను కళ్ళెదుట లేకపోతే ఆవిడే చల్లబడుతుంది."

గుడిసె అంటే సరస్సు ఒడ్డున ఉండే చెక్క ఇల్లు. వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన ఆస్తల్లా అదే. మావాళ్ళకి కోపమొస్తే సరస్సు, దుఃఖమొస్తే సరస్సు, ఉద్యోగం పోయినా సరస్సే. ఉర్హో వద్దంటూనే ఉన్నాడు. ఇస్మో అక్టోబరు మొదట్లో ఒక సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

వెళ్ళాడన్నమాటే గానీ, రోజూ తెల్లవారుతూనే కారేసుకుని మళ్ళీ ఊళ్ళోకి వచ్చేవాడు. రైయా పెందలాడే పనికి పోతుంది, హెల్మిని ప్రీస్కూల్లో దింపే పని ముందు నుంచీ అతనిదే. మెట్లెక్కి పైకి రావద్దని రైయా అంది కాబట్టి కింద కార్లో కూర్చునేవాడు. హెల్మి బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చి ముందు సీట్లో కూర్చునేది. గ్రీజు మరకలు పోని ఆ లావు వేళ్ళతో పిల్లకి రెండు జడలు వేసేవాడు. ఆ జడలు ఒకటి పైకి ఒకటి కిందికి ఉండేవి. ప్రీస్కూలు టీచరు, "ఇవాళ కుడివైపు గెలిచింది" అని నవ్వేది. సాయంత్రం మళ్ళీ తనే తీసుకొచ్చి, కింద దింపి, మళ్ళీ సరస్సు దారి పట్టేవాడు.

ఒక పొద్దున, ఇస్మో కారు అద్దాల మీద మంచు గీకుతుంటే, హెల్మి లోపల్నుంచి పిలిచింది.

"నాన్నా, అమ్మ అరిచినప్పుడు నేను కూడా నీలాగే చేతులు వెనక్కి పెట్టుకుంటున్నా."

ఇస్మో గీకడం ఆపేశాడు.

"అలా పెట్టుకుంటే తొందరగా అయిపోద్ది కదా?" అంది పిల్ల, తను కనిపెట్టిన ఉపాయం సరైనదో కాదో తేల్చుకోవాలన్నట్టు. తర్వాత స్వెటర్ చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి పైన వేళ్ళ గుర్తులున్నాయి.

ఇస్మో కారు తలుపు తీసి ఆ చెయ్యి పట్టుకుని చూశాడు. ఇన్నాళ్ళూ తను ఓర్చుకుంటే ఇంట్లో గొడవ తనతోనే ఆగిపోతుందనుకున్నాడు. తను తప్పుకుంటే అసలే ఉండదనుకున్నాడు. తీరా చూస్తే తన చోటు ఖాళీ చేసి, ఆ చోట్లో ఆరేళ్ళ పిల్లని నిలబెట్టి వచ్చాడు. ఆ రోజు ప్రీస్కూలుకి వెళ్ళలేదు. పిల్లని ఎత్తుకుని, మెట్లెక్కి, ఉర్హో తలుపు కొట్టాడు.

ఉర్హో పిల్ల మొహం చూశాడు, తండ్రి మొహం చూశాడు.  కోటు తొడుక్కుంటూ, "బూట్లెక్కడ చచ్చాయో" అని మాత్రం గొణుక్కున్నాడు. ముసలాయన వంగలేక అవస్థపడటం హెల్మి చూసి, వంగి ఆయన బూట్ల లేసులు కట్టింది.

ఆశ్రయ గృహం తలుపు తీసింది పిర్కో అనే ఆవిడ. పొట్టి జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. గుమ్మం నిండా ఉన్న మనిషిని, పక్కన ముసలాయన్ని, మధ్యలో పిల్లని చూసి, "చోటు ఎవరికి కావాలి?" అని అడిగింది. ఇస్మో పిల్లకేసి చూశాడు.

"మా నాన్నకీ నాకూ" అంది హెల్మి. "ఉర్హో తాతకి ఇల్లుంది."

పిర్కో ముందు కాఫీ ఇచ్చింది, పిల్లకి దాల్చినచెక్క బన్ను పెట్టింది. కప్పు ఖాళీ అయ్యాక, వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగింది. "నిన్నెవరైనా కొడుతున్నారా?"

"అవును" అన్నాడు ఇస్మో. ఆ ఒక్క మాట అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. అన్నాక ఆకాశమేమీ విరిగి పడలేదు. పిర్కో తల ఊపి, "సరే, ఇక్కడ కొట్టేవాళ్ళు లేరు" అంది.

అతనికిచ్చిన గది ఒక పక్కగా ఉన్న వసారాలో, వేరే గుమ్మంతో ఉంది. అలా ఎందుకో పిర్కో దాచకుండా చెప్పింది. లోపల ఉన్న ఆడవాళ్ళలో కొందరికి మగవాళ్ళ అడుగుల చప్పుడంటేనే వణుకు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఇస్మో ఆ ఇంట్లో బూట్లు చేత్తో పట్టుకుని, మేజోళ్ళతో పిల్లిలా నడిచేవాడు. ఉమ్మడి వంటింట్లో మొదటి రోజు తలుపు దగ్గరే ఆగిపోయాడు. అక్కడ కన్ను వాచిన ఒకావిడ కూర్చుని ఉంది. ఆమె అతన్ని కింద నుంచి మీదికి చూసింది, ఏం అర్థమైందో ఏమో, చక్కెర గిన్నె అతనివైపు జరిపింది. ఆ చక్కెర గిన్నె తలుచుకుంటే ఇస్మోకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి. తనని నమ్మడానికి లోకంలో అందరికన్నా ఎక్కువ కష్టపడాల్సిన మనిషి, ఒక్క ప్రశ్న వేయకుండా నమ్మింది.

ఉచిత న్యాయసహాయ కార్యాలయం నుంచి అన్నెలి అనే లాయరు వచ్చింది. ఓదార్పు మాటలు ఆమె వద్ద లేవు. కుర్చీ లాక్కుని మొదటి ప్రశ్నే కత్తిలా వేసింది.

"ఇల్లు వదిలి ఎందుకు వెళ్ళావు?"

"గొడవ సద్దుమణుగుతుందని."

"మీ మగవాళ్ళందరికీ ఇదొక జబ్బు. నువ్వు దాన్ని గుడిసెకి పోవడం అంటావు. మీ ఆవిడ లాయరు పిల్లని వదిలేసి పోవడం అంటాడు. ఆవిడ అప్పుడే పిల్లల సంక్షేమ అధికారి దగ్గరికి వెళ్ళి చెప్పేసింది, మొగుడు ఇల్లొదిలి పోయాడు, పిల్ల తన దగ్గరే ఉంటుందని. ఇప్పుడు నువ్వు ఇక్కడికి తీసుకొచ్చావు కాబట్టి, ఎత్తుకుపోయాడని కూడా అంటుంది."

ఇస్మో మొహం పాలిపోయింది. "అయితే హెల్మి పోయినట్టేనా?"

"నేను అలా అన్నానా? ఏం జరగొచ్చో చెప్తున్నా. ఇప్పుడు నాకు నిజం చెప్పు, మొదట్నుంచి, సిగ్గు పడకుండా. గుడిసెలో ఉన్నన్నాళ్ళూ పిల్లని చూశావా?"

"రోజూ. జడలు నేనే వేసేవాణ్ణి."

అన్నెలి రాయడం ఆపి కళ్ళెత్తింది. "జడలా?" అంది. ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది. "ముందే చెప్పొద్దూ ఆ మాట."

కోర్టులో విచారణ నవంబరులో జరిగింది. రైయా బూడిదరంగు కోటులో, చిన్నగా, చక్కగా కూర్చుంది. ఆమె లాయరు లేచి, "ఈయన్ని చూడండి, ఈమెని చూడండి" అన్నాడు. అందరూ చూశారు. ఇస్మో తన ఒళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియక కుర్చీలో ముడుచుకున్నాడు. ఆ గదిలో తనెంత పెద్దగా ఉన్నాడో అంత చేతకానివాడిగా అనిపించింది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు.

ముందు డాక్టరమ్మ వచ్చింది. ఆ కాలిన గాయం వెనకనుంచి పోసింది తప్ప ముందునుంచి చిమ్మింది కాదని, ఆ రోజే తనకు అనుమానం వచ్చిందని చెప్పింది. తర్వాత ప్రీస్కూలు టీచరు వచ్చింది. రోజూ పొద్దున పిల్లని తెచ్చింది, సాయంత్రం తీసుకెళ్ళింది తండ్రేనని, ఒక్కరోజు కూడా తప్పలేదని చెప్పింది. "వదిలేసిపోయిన మనిషి రోజూ జడలు వేసి తెస్తాడా?" అంది, ఎవరూ అడక్కపోయినా. తర్వాత ఉర్హో.

మా సావో ప్రాంతం వాళ్ళతో సూటిగా అవును కాదు అనిపించడం దేవుడి తరం కూడా కాదు. జడ్జిగారు అడిగారు, "పక్కింట్లో కొట్టే చప్పుళ్ళు విన్నారా?"

"వినలేదని మాత్రం చెప్పలేను."

"అంటే విన్నారా?"

"చెవుల్లో సగం రైల్వేకి ఇచ్చేశానమ్మా. మిగతా సగంతో విన్నా."

"ఏం విన్నారు?"

అప్పుడు ఉర్హో వంకర పోవడం మానేశాడు. "ఒక మనిషి అరవడం విన్నాను" అన్నాడు. "ఇంకో మనిషి అరవకపోవడం విన్నాను. ఆ రెండోది భరించలేకపోయా." 

చివరగా జడ్జిగారు ఇస్మోని అడిగారు, ఎందుకు వెళ్ళిపోయారని. అన్నెలి నేర్పిన జవాబు ఒకటుంది. అది మరిచిపోయాడు.

"మా నాన్న అలాగే పోయేవాడు" అన్నాడు. "నేను లేకపోతే దెబ్బలు ఆగిపోతాయనుకున్నా. ఆగలేదు, పిల్ల మీద పడ్డాయి. రైయాకి శిక్ష పడాలని నేను రాలేదు. ఆవిడకి ఏదో వైద్యం కావాలి, అది దొరకాలి. నా తప్పు ఏదైనా ఉంటే నా మీద వేయండి. పిల్ల మాత్రం భయపడే ఇంట్లో పెరగకూడదు." జన్మలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. రైయా తల వంచుకుంది. ఆమె కళ్ళలో ఏముందో ఎవరికీ కనపడలేదు.

తీర్పు వచ్చిన రోజు ఇస్మో బస్సు కింద ఉన్నాడు. ఫోను మోగింది. అన్నెలి మామూలుగానే పొడిపొడిగా చెప్పింది. హెల్మి తండ్రి దగ్గరే ఉంటుంది. తల్లి వారం వారం పిల్లని చూడొచ్చు, పక్కన ఉద్యోగి ఒకరు ఉండాలి, కోపం అదుపు చేసుకునే వైద్యానికి వెళ్ళాలి. "విన్నావా?" అంది.  "ఇస్మో, ఉన్నావా?" ఉన్నాడు. మాటే రాలేదు. ఎంతసేపటికీ కాళ్ళు కదలకపోయేసరికి డిపోలో వాళ్ళు కంగారుపడి, చెరో కాలూ పట్టుకుని బయటికి లాగారు. చూస్తే మొహమంతా గ్రీజు, అందులోంచి రెండు చారలు తెల్లగా దిగి ఉన్నాయి. "హెల్మి నాకే" అన్నాడు. వాళ్ళకి కథంతా అప్పుడే తెలిసింది. అందులో ఒకడు, ఎప్పుడూ మొగుడూపెళ్ళాల గొడవల మీద జోకులేసేవాడు, మూలకి పోయి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

రౌనో సంగతి కూడా చెప్పాలి. ఇస్మో సామాన్లు సర్దుకోవడానికి పాత వాటాకి వచ్చిన రోజు అతను తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి, "ఆ తాళం మాట నేనే అన్నానోయ్" అన్నాడు. "నీ కొత్తింటికి సామాన్లు మోయాలి కదా, వ్యాను తెచ్చా." అంతకు మించి క్షమాపణ మా దగ్గర దొరకదు. ఇస్మోకి అది చాలు. సోఫా చెరోవైపు పట్టుకుని మెట్లు దిగారు, రౌనో మధ్యలో నాలుగు చోట్ల ఆగి ఆయాసపడ్డాడు.

కృతజ్ఞత ఎలా చెప్పాలో ఇస్మోకి తెలియదు. సంతలో అన్నిటికన్నా పెద్ద చేపరొట్టె కొన్నాడు, చేపల్ని పిండిలో మూసి రాత్రంతా కాల్చేది, మావాళ్ళకి అంతకన్నా గౌరవం లేదు. దాన్ని గుడ్డలో చుట్టి బిడ్డలా ఎత్తుకుని ఆశ్రయ గృహానికి తీసుకెళ్ళాడు. పిర్కో కోసి అందరికీ పెట్టింది. అన్నెలికి కూడా ఇవ్వబోతే, "లాయర్లం, కానుకలు తీసుకోకూడదు" అంటూనే నిలబడి రెండు ముక్కలు తినేసింది. ఉర్హోకి మాత్రం ఏమివ్వాలో తోచక, "పెద్దాయనా, నీ ఋణం..." అని మొదలుపెట్టాడు. "ఋణం గిణం అన్నావంటే తలుపేసేస్తా" అన్నాడు ఉర్హో. "పిల్లని ఆదివారం పంపు. నాకు బూట్ల లేసులు కట్టేవాళ్ళు లేరు."

ఇప్పుడు నెలకోసారి ఆ గృహంలో తండ్రులంతా కలుస్తారు. ఇస్మో కాఫీ పెడతాడు. కొత్తగా వచ్చినవాడు తలుపు దగ్గరే నిలబడిపోతే, అతని ముందు కప్పు పెట్టి పక్కన కూర్చుంటాడు. ఏమీ అడగడు. అతను గుడిసెకి పోతానంటే మాత్రం, "పిల్లల్ని కూడా తీసుకుపో, లేదా అసలు పోకు, ముందు అన్నెలికి ఫోన్ చెయ్" అంటాడు. ఇస్మో నోట అంత పొడుగు మాట వస్తోందంటే పాతవాళ్ళకి ఇప్పటికీ వింతే.

కొత్త ఇల్లు చిన్నది, రెండు గదులు. వసంతంలో ఒక శనివారం పొద్దున ఇస్మో పలహారానికి ఎర్రపళ్ళ జామ్ సీసా దించుతున్నాడు. హెల్మి బల్ల దగ్గర బొమ్మ వేసుకుంటూ, ప్రీస్కూల్లో నేర్చిన చప్పట్ల పాట ఒకటి సాగదీసి పాడుకుంటోంది. సీసా జారింది. నేల మీద పడి భళ్ళున పగిలింది. జామ్ గోడ దాకా చింది, గాజు పెంకులు వంటింటి నిండా పరుచుకున్నాయి.

ఇస్మో బిగుసుకుపోయాడు.  ఆ చప్పుడు తర్వాత వచ్చేదేమిటో అతని ఒంటికి కంఠతా వచ్చు. మెల్లగా తల తిప్పి పిల్లకేసి చూశాడు. ఒకప్పుడు ఇలాంటి చప్పుడుకి ఆ పిల్ల బల్ల కింద దూరి, ఎంత పిలిచినా వచ్చేది కాదు.

హెల్మి తలెత్తి చూసింది. "అయ్యో, మంచి జామ్" అంది. "కదలకు నాన్నా, ఒట్టి కాళ్ళతో ఉన్నావు. చీపురు నేను తెస్తా."

కుర్చీ దిగింది. చెప్పులేసుకుంది. గాజు పెంకుల్ని జాగ్రత్తగా తప్పించుకుంటూ నడవలోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ పాట ఆపిన చోటునుంచి మళ్ళీ ఎత్తుకుంది.

ఇస్మో ఆ జామ్ మధ్యలో నిలబడి ఏడ్చాడు. దాచుకోవాలని చూడలేదు. చీపురుతో వచ్చిన హెల్మి గుమ్మంలో ఆగింది.

"కాలు తెగిందా నాన్నా?"

"లేదమ్మా."

"మరి ఎందుకు ఏడుస్తున్నావ్?"

"ఏం లేదు" అన్నాడు ఇస్మో. "నువ్వు పాట ఆపకు."